గడియారం తెలియని వాళ్లు

పోయిన నెల సికిల్ సెల్ మీద ఒక అక్క పెట్టిన పెద్ద పోస్టు చదివాక నాకూ ఒకటి రాయాలనిపించింది. నాది డిగ్రీ రెండో సంవత్సరం. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు అని ఇంటర్ దాకా చదివాం. కానీ రోగానికి కూడా చరిత్ర ఉంటుంది, మందుబిళ్లకి కూడా ఉంటుంది. నేను రాసేది హెచ్‌ఐవి మందుల చరిత్ర. మందు కనిపెట్టాక కూడా అది మనిషి నోటిదాకా రాకుండా ఏమేం అడ్డుపడ్డాయో ఆ కథ. కొంచెం పొడుగ్గా ఉంటుంది, మెస్ టైం అయ్యాక తీరిగ్గా చదవండి.

ముందు చిన్న లెక్క. 1981 జూన్‌లో అమెరికాలో ఈ జబ్బు గురించి మొదటి రిపోర్టు వచ్చింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో వైరస్ దొరికింది. మన దేశంలో 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆవిడ దగ్గర చదువుతున్న సెల్లప్పన్ నిర్మల కలిసి రక్తం నమూనాలు తీసి మొదటిసారి కనుక్కున్నారు. 1987లో ఏజెడ్‌టి అనే మొదటి మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. ఒక్క మందుతో వైరస్ కొన్నాళ్లు తగ్గి, మళ్లీ ఆ మందుకే అలవాటు పడిపోయేది. 1996లో వాంకూవర్ సభలో డాక్టర్లు మూడు మందులు కలిపి వాడితే వైరస్ అణిగిపోతుందని చూపించారు. చావడానికి మంచం మీద ఉన్నవాళ్లు లేచి పనికి పోయారు. అంటే 1996 నుంచి ఈ జబ్బుతో చావక్కర్లేదు.

కానీ చచ్చారు. లక్షల్లో చచ్చారు. ఎక్కువమంది 1996 తర్వాతే చచ్చారు. ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకి రాసే సంగతి కాదు, అందుకే ఆ ఒక్క విషయం పట్టుకుని కూర్చున్నాను.

మొదటి అడ్డు ధర. 2000 నాటికి మూడు మందులు కలిపి ఒక మనిషికి ఏడాదికి 10,000 డాలర్ల పైనే. అప్పటి రూపాయల్లో నాలుగున్నర లక్షలు. ఈ ధర ఎందుకంత? తయారీకి అంత ఖర్చయి కాదు. పేటెంటు ఉంది కాబట్టి, ఆ మందు ఇంకెవరూ చేయకూడదు కాబట్టి. మన దేశంలో 1970 పేటెంట్ల చట్టం వేరేగా ఉండేది. మందు మీద పేటెంటు ఇవ్వరు, మందు తయారు చేసే పద్ధతి మీద మాత్రమే ఇస్తారు. కాబట్టి మన కంపెనీలు ఇంకో పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. 2001 ఫిబ్రవరిలో సిప్లా కంపెనీ యజమాని యూసుఫ్ హమీద్, మూడు మందులూ కలిపి ఏడాదికి 350 డాలర్లకి సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థకి ఇస్తానన్నాడు. రోజుకి ఒక డాలరు కంటే తక్కువ.

ఇక్కడ చాలామంది చెప్పని ఒక సంగతి ఉంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఆ మూడు మందులు స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్. మూడింటి మీదా మూడు వేర్వేరు విదేశీ కంపెనీల హక్కులు. ఒకరి మందు ఇంకొకరి మందుతో కలిపి ఒకే బిళ్ల చేయడానికి ఆ దేశాల్లో కుదరదు. మన దగ్గర ఆ హక్కులు లేవు కాబట్టి సిప్లా మూడింటినీ ఒకే బిళ్లలో పెట్టేసింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అంతే. అంటే ధనిక దేశాల్లో రోగి గుప్పెడు బిళ్లలు మింగుతుంటే, పేద దేశాల రోగికి రెండు బిళ్లలతో సరిపోయే దారి దొరికింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

అదే సమయంలో దక్షిణాఫ్రికాలో 39 మందుల కంపెనీలు కలిసి నెల్సన్ మండేలా ప్రభుత్వం మీద కోర్టుకెళ్లాయి. ఆ దేశం చౌక మందులు తెచ్చుకోవడానికి చట్టం చేసుకుందని కోపం. 1998లో వేసిన కేసు 2001 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నారు. ఊరికే తీసుకోలేదు, ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే సంఘం వాళ్లు రోడ్డు మీదకి వచ్చారు, ప్రపంచమంతా ఆ కంపెనీలని తిట్టింది. ఆ సంఘం నాయకుడు జాకీ అక్మత్‌కి హెచ్‌ఐవి ఉంది. మందు కొనుక్కునే దారి ఆయనకి ఉంది. అయినా సర్కారు ఆసుపత్రిలో పేదవాడికి దొరికేదాకా నేను వేసుకోను అని కూర్చున్నాడు. ఇది సరైన పనేనా అని మా రూములో పెద్ద గొడవే జరిగింది. నా రూమ్‌మేట్ "ఆయన చచ్చిపోతే ఉద్యమం ఎవరు నడుపుతారు" అంటాడు. నాకైతే ఆయన లేకపోతే ఆ ప్రశ్న అంతమంది ఇళ్లలోకి వెళ్లేది కాదనిపిస్తుంది.

ధర తగ్గింది కదా, ఇంక అయిపోయిందనుకుంటాం. కాదు. అసలు కథ ఇక్కడే మొదలు.

2001లో అమెరికా ప్రభుత్వం తరఫున పేద దేశాలకి సాయం ఇచ్చే యూఎస్‌ఎయిడ్ సంస్థకి ఆండ్రూ నాట్సియోస్ అనే ఆయన అధిపతి. మందుల ధర పడిపోయింది కదా, ఆఫ్రికాకి ఎందుకు కొని ఇవ్వరు అని అడిగితే ఆయన ఒక పత్రికకి చెప్పిన సమాధానం ఇది. ఆఫ్రికాలో చాలామంది జీవితంలో గడియారం చూడలేదట. వాళ్లకి పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం, చీకటి అనే తెలుసు గానీ ఒంటిగంట అంటే అర్థం కాదట. ఈ మందులు వేళకి వేసుకోవాలి, వాళ్లు వేసుకోలేరు, కాబట్టి ఇవ్వడం దండగ అని సారాంశం.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఈ మాట నేను ముందే విన్నాను. మా పెదనాన్నకి టీబీ వచ్చినప్పుడు తోడుగా ఒక ఆసుపత్రికి వెళ్లాను, నాకప్పుడు పద్నాలుగేళ్లు. మందులిచ్చే ఆయన పక్కనున్న వాళ్లతో "ఏజెన్సీ వాళ్లకి టైం ఏం తెలుసు, ఇచ్చినా వేసుకోరు" అన్నాడు, మేం అక్కడే నిలబడి ఉండగా. మా పెదనాన్న తెలుగు సరిగ్గా మాట్లాడలేడు గానీ అర్థం చేసుకోగలడు. ఏమీ అనలేదు. ఆరు నెలల కోర్సు పూర్తి చేశాడు.

టైం గురించి కాసేపు మాట్లాడుకుందాం. ఇప్పపూలు రాత్రి చివరి జాము నుంచి రాలతాయి. మా నాయనమ్మ ఫోన్ అలారం లేకుండా చీకట్లోనే లేచి బుట్ట పట్టుకుని పోతుంది. ఆలస్యమైతే పశువులూ అడవి పందులూ తినేస్తాయి. ఆ రెండు నెలలూ ఒక్క రోజు తప్పదు. వారం సంత ఏ ఊళ్లో ఏ రోజో, ఏ పూటకి వెళ్తే జీలుగు కల్లు పులవకుండా ఉంటుందో మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. సిప్లా బిళ్ల వేసుకోవాల్సింది పొద్దున ఒకటి, చీకటి పడ్డాక ఒకటి. పొద్దున్న, చీకటి తెలిస్తే చాలు! ఆఫ్రికా వాళ్లకి ఆ రెండూ తెలుసని నాట్సియోస్ తన నోటితోనే చెప్పాడు. అంటే ఆయన చెప్పిన కారణాన్ని ఆయన మాటే కొట్టేసింది. మందు ఇవ్వకూడదని ముందే అనుకుని తర్వాత కారణం వెతికితే ఇట్లాగే ఉంటుంది.

తర్వాత ఏమైంది? 2006లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఆఫ్రికాలో జరిగిన 27 అధ్యయనాలు, ఉత్తర అమెరికాలో జరిగిన 31 అధ్యయనాలు కలిపి చూశారు. మందు సరిగ్గా వేసుకుంటున్నవాళ్లు ఆఫ్రికాలో 77 శాతం, ఉత్తర అమెరికాలో 55 శాతం. గడియారం చేతికి కట్టుకున్నవాళ్ల కంటే గడియారం తెలియదన్నవాళ్లే నయం. కానీ ఈ లెక్క వచ్చేసరికి అయిదేళ్లు గడిచిపోయాయి. ఆ అయిదేళ్లలో పోయినవాళ్లు ఈ పత్రిక చదవరు.

నాట్సియోస్ ఆ మాట అనేటప్పటికే అది తప్పని రుజువు చేసిన ఊరు ఒకటి ఉంది. హైతీ దేశంలో కాంజ్ అనే కొండ ఊరు. ఈ ఊరి పుట్టుక మన విలీన మండలాల వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. 1950ల్లో అక్కడ పెలిగ్ర్ అనే ఆనకట్ట కట్టారు. కింద నది ఒడ్డున మంచి భూముల్లో వ్యవసాయం చేసుకునే రైతులు మునిగిపోయి, పైన రాళ్లగుట్టల మీదకి ఎక్కారు. కరెంటు, నీళ్లు కింద వాళ్లకి, గుట్ట వీళ్లకి. అలా మునకవాసులు పెట్టుకున్న ఊరే కాంజ్. అక్కడ పాల్ ఫార్మర్ అనే అమెరికా డాక్టరు, స్థానికులతో కలిసి 1980ల్లో ఆసుపత్రి మొదలుపెట్టాడు. 1998 నుంచి హెచ్‌ఐవి రోగులకి మూడు మందులు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రపంచమంతా పేద దేశంలో ఇది జరగదు అంటున్న రోజులవి.

ఎలా ఇచ్చారు? పెద్ద యంత్రం ఏమీ లేదు. ఊళ్లో వాళ్లనే కొందరిని తీసుకుని, నేర్పించి, జీతం ఇచ్చి పెట్టారు. వాళ్లని అక్కడి భాషలో "తోడు నడిచేవాళ్లు" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. రోజూ రోగి ఇంటికి వెళ్లి, మందు వేసుకునేదాకా కూర్చుని, పిల్లలు బడికి పోతున్నారా, ఇంట్లో బియ్యం ఉన్నాయా చూసి వస్తారు. తిండి లేకపోతే తిండి, ఇంటి కప్పు కారుతుంటే రేకులు. ఖాళీ కడుపుతో ఈ బిళ్లలు పడవు, వాంతి అవుతుంది. తిండి కూడా వైద్యమే అని వాళ్లు మొదట్లోనే పట్టుకున్నారు. "రోగి మాట వినడు" అనేముందు ఆ రోగి ఎన్ని గంటలు నడిచి వచ్చాడో, పొద్దున ఏం తిన్నాడో అడగాలని ఫార్మర్ పుస్తకాల నిండా రాశాడు. 2022లో చనిపోయాడు.

ఇంకో ఉదాహరణ మొజాంబిక్ దేశం తేతే ప్రాంతం. అక్కడ మందు ఉచితమే, కానీ ఆసుపత్రి దూరం. ప్రతి నెలా ఒక రోజు కూలి, బస్సు చార్జీ, ఇంకో రోజు క్యూ. చాలామంది మానేసేవాళ్లు. 2008లో ఒక చిన్న ఉపాయం చేశారు. ఒక ఊళ్లో మందు వాడుతున్న ఆరుగురు ఒక జట్టు. ఈ నెల ఒకరు ఆసుపత్రికి పోయి ఆరుగురికీ మందు తెస్తారు, తన పరీక్ష తాను చేయించుకుంటారు. వచ్చే నెల ఇంకొకరు. అంటే ఒక్కొక్కరికి ఆరు నెలలకి ఒక ప్రయాణం. మొదటి రెండు మూడేళ్ల లెక్క చూస్తే ఈ జట్లలో చేరినవాళ్లలో నూటికి 97 మంది మందు మానకుండా ఉన్నారు. రోగులు మారలేదు, మందు మారలేదు. దారి ఖర్చు ఆరుగురికి పంచారు, అంతే. మన దగ్గర వరి కోతలకి బదులు పని చేసుకునే పద్ధతి ఇదే కదా.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ప్రపంచమంతా మన కంపెనీల మందు తింటుంటే, మన దేశంలో సర్కారు ఆసుపత్రిలో ఆ మందు 2004 ఏప్రిల్ 1న గానీ మొదలు కాలేదు. సిప్లా ధర చెప్పి అప్పటికి మూడేళ్లు. ఎక్కువ కేసులున్న ఆరు రాష్ట్రాలు, ఢిల్లీ కలిపి 8 ఆసుపత్రుల్లో మొదలుపెట్టారు. ఆ ఆరు రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, మణిపూర్, నాగాలాండ్ మిగతావి. ఆ తర్వాత హైదరాబాద్ మందుల పరిశ్రమ ఈ కథలో పెద్ద పాత్ర. హెటిరో, అరబిందో, మాట్రిక్స్ లాంటి కంపెనీల నుంచి ఆఫ్రికాకి ఓడల మీద మందులు పోయాయి. అదే రాష్ట్రంలో కొండ మీద ఉన్నవాడికి పరీక్ష చేసే మనిషి లేడు. తయారయ్యే చోటుకీ అవసరమైన చోటుకీ మధ్య కిలోమీటర్లు లెక్కపెడితే ఆఫ్రికాయే దగ్గరనిపిస్తుంది.

2005లో మన పేటెంటు చట్టం మారిపోయింది, ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల. కొత్త మందుల మీద పేటెంటు ఇవ్వాల్సిందే. కానీ 3(డి) అనే సెక్షను ఒకటి పెట్టారు. పాత మందుకి చిన్న మార్పు చేసి మళ్లీ ఇరవై ఏళ్ల హక్కు అడిగితే ఇవ్వరు. ఈ సెక్షను రావడానికి పార్లమెంటు బయట ఉద్యమం చేసినవాళ్లలో హెచ్‌ఐవి ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

రెండో రకం అడ్డు ఒక అంకె. 200. రక్తంలో సీడీ4 అనే కణాలు ఉంటాయి, వైరస్ వాటిని తినేస్తుంది. మందులు తక్కువ, రోగులు ఎక్కువ కాబట్టి మొదట్లో ఆ లెక్క 200 కంటే పడిపోయినవాళ్లకే మందు. 240 ఉందనుకోండి, "ఇంకా బాగానే ఉన్నావు, తర్వాత రా" అంటారు. ఆ పరీక్ష యంత్రం పెద్ద ఊళ్లోనే ఉంటుంది. ఒక మనిషి ధైర్యం చేసుకుని, అబద్ధం చెప్పి ఇంట్లో నుంచి బయల్దేరి, కూలి పోగొట్టుకుని అక్కడిదాకా వస్తే, జబ్బు ముదిరాక రమ్మని పంపేయడం అన్నమాట. అలా వెళ్లినవాళ్లలో ఎంతోమంది మళ్లీ రాలేదు, వచ్చినవాళ్లు టీబీతో మంచం మీద వచ్చారు. టీబీ మందు రిఫాంపిసిన్ పడితే నెవిరపిన్ బలం తగ్గిపోతుంది, అప్పుడు మందు మార్చాలి. ఆ అంకె మెల్లగా పెరుగుతూ వచ్చింది. 2015లో పెద్ద పరిశోధన ఒకటి తొందరగా మొదలుపెడితేనే మంచిదని తేల్చింది. మన దేశంలో 2017 నుంచి జబ్బు ఉందని తెలిస్తే చాలు, కణాల లెక్కతో పని లేకుండా మందు. మందు సరిగ్గా వాడి వైరస్ కనపడనంత తగ్గితే ఇంకొకరికి లైంగికంగా అంటదు అని కూడా ఈలోపు తేలిపోయింది. ఈ చివరి వాక్యం మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

మూడోది పాత మందు మొహం మీద వేసే గుర్తు. స్టావుడిన్ చౌక, కానీ కొన్నేళ్లు వాడితే బుగ్గలు లోపలికి పోతాయి, కాళ్లు చేతులు సన్నబడతాయి, పాదాలు మంటలు. ఊళ్లో దూరం నుంచి చూసి కనుక్కునేవాళ్లు. దాచుకోవాలనుకున్నవాడికి ఆ మందే చాటింపు. ధనిక దేశాలు అప్పటికే దాన్ని వదిలేశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తీసేయమని 2009లో చెప్పింది. ఇప్పుడు డోలుటెగ్రావిర్ ఉన్న ఒకే బిళ్ల రోజుకి ఒక్కసారి, చాలా నయం. 2017లో ఈ కొత్త బిళ్లని పేద దేశాలకి ఏడాదికి 75 డాలర్లకి ఇస్తామని చేసుకున్న ఒప్పందంలో మన అరబిందో ఒక కంపెనీ. 10,000 నుంచి 75కి. మన దేశంలో వాడకం మొదలయ్యాక కూడా 2022లో మందు నిండుకుంది. హెచ్‌ఐవి ఉన్నవాళ్లు ఢిల్లీలో నాకో ఆఫీసు దగ్గర నెలకి పైగా ధర్నా చేశారు. మందు ఒక వారం ఆగితే వైరస్ ఆగదు. అప్పుడు కూడా "రోగులు మానేస్తున్నారు" అని రాసుకుంటే ఎలా?

మన సంగతి. 2021 అంచనాల్లో దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో హెచ్‌ఐవి ఉన్నవాళ్లు 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. అన్నిటికంటే ఎక్కువ మిజోరంలో, 2.70. అక్కడ జనాభాలో నూటికి తొంభైకి పైగా ఎస్టీలే. ఇది గిరిజనుల జబ్బు అని చెప్పడం లేదు, అలా ఎవరన్నా అంటే ఊరుకోకండి. మనకి రాదు అని కూర్చోవడం కూడా కుదరదని చెబుతున్నా. కాఫీ తోటలకి, ఇటుక బట్టీలకి, మిర్చి కోతలకి, హైదరాబాద్ కట్టుబడి పనులకి మన అన్నలు అక్కలు పోతున్నారు, వస్తున్నారు.

పరీక్ష ఉచితం, మందు ఉచితం, ఆంధ్రప్రదేశ్‌లో మందు వాడేవాళ్లకి పింఛను కూడా ఉంది. కానీ ఆ మందు ఇచ్చే ఏఆర్‌టి సెంటర్లు ఎక్కువగా పెద్దాసుపత్రుల్లోనే. చిన్న చోట్ల లింకు సెంటర్లు ఉన్నాయి, అక్కడ ఇంకో చిక్కు. దగ్గరగా ఉంటే తెలిసినవాళ్లు చూస్తారు. దూరమైతే డబ్బు, దగ్గరైతే పరువు. అందుకే కొంతమంది పక్క ఆసుపత్రి వదిలేసి వంద కిలోమీటర్లు పోతారు. 2020 లాక్‌డౌన్‌లో నెల మందుకి బదులు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చారు. ఇవ్వగలరని అప్పుడు తెలిసింది. ముందెందుకు ఇవ్వలేదో నాకు అర్థం కాలేదు.

2017లో చేసిన హెచ్‌ఐవి చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అడగకుండా పరీక్ష చేయకూడదు, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు, బడిలో, హాస్టల్లో, పనిలో, ఆసుపత్రిలో తేడా చూపకూడదు. హాస్టల్ అన్న మాట మనం బాగా చదవాలి.

భాష సంగతి ఏ పుస్తకంలోనూ పెద్దగా దొరకలేదు, నేను చూసిందే చెబుతున్నా. కౌన్సెలింగ్ తెలుగులో ఉంటుంది, అదీ ఆఫీసు తెలుగు. "రోగనిరోధక శక్తి క్షీణిస్తుంది" అంటే మా నాయనమ్మ తలూపుతుంది. అర్థమై కాదు, ఎదుటాయన తొందరలో ఉన్నాడని. బయటకి వచ్చాక "ఏమన్నాడ్రా" అని నన్నడుగుతుంది. హైతీలో తోడు నడిచినవాళ్లు డాక్టర్లు కాదు, అదే ఊరివాళ్లు, అదే భాషవాళ్లు. మన దగ్గర ఆశా అక్కలు ఉన్నారు, వాళ్లకి ఇచ్చే పుస్తకాలు మళ్లీ తెలుగే.

యూఎస్‌ఎయిడ్ 2025 జూలై 1న మూతపడింది. ఆ ఏడాది జనవరిలోనే అమెరికా సాయం ఆపేస్తే దక్షిణాఫ్రికా, మొజాంబిక్‌లలో క్లినిక్కులు తలుపులు వేశాయి. అక్కడి రోగులు వేళకే వచ్చారు, తలుపే తీయలేదు. మన దేశంలో మందు ఖర్చు ఎక్కువగా కేంద్రానిదే కాబట్టి ఆ దెబ్బ మనకి అంతగా తగల్లేదు.

గ్రూపులో కోయ, కొండదొర, సవర, గోండు, జాతాపు, బగత, లంబాడ అందరం ఉన్నాం. "మందు వేసుకుంటే వైరస్ అణిగి ఉంటుంది, మానేస్తే లేస్తుంది" అన్న ఒక్క వాక్యం మీ భాషలో మీ అమ్మకి అర్థమయ్యేలా ఎలా చెబుతారో కింద రాయండి. తెలుగు లిపిలోనే రాయండి. నర్సింగ్ చదువుతున్న అక్కలు ఇద్దరు సరిచూస్తామన్నారు, అన్నీ కలిపి ఒక పేజీ చేసి మన ఊళ్ల ఆశా అక్కలకి ఇద్దాం. కోయలో నేను రెండు రకాలుగా రాసి చూశాను. మా నాయనమ్మ మొదటిది విని నవ్వింది, రెండోది ఫర్వాలేదంది.